పసుపు తలపాగా లోతు

తిమ్మయ్య ఏదైనా చెబుతుంటే గుండ్లగడ్డలో వినేవాళ్లు చాలామంది, నమ్మేవాళ్లు ఒక్కరూ లేరు. పెళ్లాం మద్దమ్మ అసలే నమ్మదు. తనకు మూడెకరాల మామిడితోట ఉందని చెప్పి ఆమెను చేసుకున్నాడాయన. కాపురానికొచ్చి చూస్తే ఉన్నది ఒకే ఒక్క చెట్టు. తోటేదని అడిగితే, "పొద్దుగూకేటప్పుడు చూడు, దీని నీడ మూడెకరాలు పడతదా లేదా?" అన్నాడట. పడిందో లేదో మద్దమ్మ నలభై ఐదేళ్లుగా ఎవరికీ చెప్పలేదు.

గుండ్లగడ్డ కృష్ణానది నడుమ ఉన్న లంక. ఆ ఏడు ఆగస్టులో పైన డ్యాముల గేట్లన్నీ ఎత్తేసరికి ఇళ్లలోకి నీళ్లొచ్చాయి. నూట ఇరవై కుటుంబాలను పడవల మీద ఒడ్డుకు చేర్చి, రాయచూరు దగ్గర యరమరస్ దాటాక మూతపడి ఉన్న ఒక పత్తి మిల్లు ఆవరణలో దించారు. పశువులూ వచ్చాయి. మద్దమ్మ బర్రె నిండు చూడితో ఉండి కూడా ఏటిని ఈది వచ్చింది. తిమ్మయ్య లెక్కలో అయితే, నోట్లో తాడు పట్టుకుని పడవను కూడా లాక్కొచ్చింది.

ఆరువందల మంది ఒకచోట చేరి రెండు పూటలా తింటే తరవాత ఏమవుతుందో విడమరిచి చెప్పక్కర్లేదు. లంకలో అయితే ఎవరి చేనుగట్టు వాళ్లకుండేది. ఇక్కడ చుట్టూ ప్రహరీగోడ. అందుకని ఒక సేవా సంస్థవాళ్లు వచ్చి పద్నాలుగు మరుగుదొడ్లు కట్టారు. వాటి గుంతలు నిండగానే పైపుబండి వచ్చి, ఆ మడ్డి పీల్చి, మిల్లు వెనక నిలబెట్టిన నాలుగు నల్ల ప్లాస్టిక్ తొట్లలో పోస్తుంది. అందులో సున్నప్పాలు పోసి కలుపుతారు. సున్నం ఘాటుకు రోగం పుట్టించే క్రిమి చావాలి. చచ్చిందని రూఢి అయ్యాకే మడ్డిని ఆరబెట్టే మడుల్లోకి వదలాలి.

సున్నం కలిపే పనికి తిమ్మయ్యను పెట్టుకున్నారు. ఆయన రాయచూరు సున్నపు బట్టీల్లో ముప్పై ఏళ్లు పనిచేసిన మనిషి. ఇది ఆయన చెప్పిన మాటే అయినా నిజం. చేతుల మీద మచ్చలున్నాయి. ఆయన పైన లోకేశ్ అని ఒక సూపర్‌వైజరు. కరెంటు ఫ్యాక్టరీలో పనిచేసే ఒకాయన కొడుకు, ముప్పై ఏళ్లుంటాయి. సున్నం కలపగానే ఒక కాగితం ముక్క తొట్లో ముంచి రంగు చూడటం ఇతని పని. కాగితం ముదురు నీలమైతే పీహెచ్ లెక్కన ఘాటు పన్నెండు దాకా ఎక్కినట్టు, పని అయినట్టు.

ఆ పని నిజంగా అయిందో లేదో తేల్చేది సుప్రియ. మిల్లులో పాతకాలపు కాటా గదిని ఊడ్పించి, బల్ల వేయించి, ల్యాబు పెట్టుకుంది. తుర్విహాళ కాలువ కింద వరి పండించే ఇంటి పిల్ల. తాతలు కోస్తా నుంచి వచ్చినవాళ్లు కాబట్టి ప్రతి మాటకూ 'అండి' తగిలిస్తుంది. తొట్లోంచి సీసాడు మడ్డి తెచ్చి, అరచేతంత పళ్లేలలో వేసి, వెచ్చటి పెట్టెలో ఒకరోజు పొదగేస్తుంది. బతికున్న క్రిమి ఉంటే మర్నాటికి నీలిచుక్కై కూర్చుంటుంది. ఆ చుక్కలు లెక్కపెట్టడం ఆమె పని.

లెక్కపెట్టింది. మొదటి వారం లెక్కకు అందలేదు. రెండో వారమూ అంతే.

"కాగితం నీలమయింది మేడం, నా కండ్లతోని చూసిన," అన్నాడు లోకేశ్.

"నా పళ్లెమూ నీలంగానే ఉందండి. అదే కదా గొడవ," అంది సుప్రియ.

తిమ్మయ్య ఇద్దరి మాటా వినలేదు. "నా సున్నంల మచ్చ లేదు. ఆ పెట్టెనే ఖరాబుంది. కోడి కింద గుడ్లు పెడితే పొదుగుతది గనీ, పెట్టెల పెడితే పొదుగుతదా?" అన్నాడు.

బుధవారం ఆరోగ్యాధికారి వచ్చి రెండు రిపోర్టులూ చూశాడు. కోపిష్టి కాదు, కానీ నీళ్లవిరేచనాలు ఒక్కరికి పట్టుకుంటే ఆరువందల మందికీ ఎంతలో పాకుతాయో తెలిసినవాడు. "సోమవార రిపోర్టు సరి బరలిల్లాంద్రె క్యాంపు ఎత్తోదే," అన్నాడు కన్నడంలో. సోమవారం రిపోర్టు కూడా బాగాలేకపోతే మరుగుదొడ్లకు తాళాలేసి అందర్నీ కల్మల దగ్గర ఒక కళ్యాణ మండపానికి తరలిస్తారు. మనుషులను మాత్రమే. మండపంలో పశువులకు చోటు లేదు.

మద్దమ్మ ఆ మాట విని బర్రె దగ్గరికెళ్లి దాని పొట్ట మీద చెయ్యేసి నిలబడింది. మొగుణ్ని ఏమీ అనలేదు. దానికే తిమ్మయ్యకు భయం వేసింది. నలభై ఐదేళ్లలో ఆమె ఏమీ అనకపోవడం ఇది రెండోసారి.

"ఎన్ని దినాలల్ల ఈనుతదే?" అని అడిగాడు.

"వారం. పది దినాలు. నేను లేకుంటే ఈనదు అది. పోయినపారి దూడ అడ్డం తిరిగింది, యాదిలేదా?" అంది మద్దమ్మ. తరవాత, "నీ సున్నం మంచిదే అంటివి గద," అని మాత్రం అంది.

ఏ మాటకామాట చెప్పుకోవాలి, తిమ్మయ్య గురువారం చేసిన పని మంచిది కాదు. మూడో రిపోర్టుకు ముందు ఒక చిన్న పరీక్ష చేద్దామని సుప్రియ ఖాళీ సీసా ఇచ్చి పంపింది. లోకేశ్ తొట్లో ముంచి నింపాడు. దాన్ని కాటా గదికి తీసుకెళ్లింది తిమ్మయ్య. మధ్యలో మిల్లు గోడ మలుపు ఒకటుంది. ఆ మలుపు దగ్గర నడుముకున్న వక్కాకు సంచి విప్పి, ఆకులకు రాసుకునే సున్నపు డబ్బీని సీసాలో బోర్లించి, మూత బిగించి, మంత్రసానిలా సీసాను రెండు చేతులా పట్టుకుని వెళ్లి ఇచ్చాడు.

శుక్రవారం పొద్దున పిలుపొచ్చింది.

"తాతగారూ, ఈ సీసా దారిలో ఎక్కడైనా ఆగిందాండీ?"

"సీసాకు కాళ్లున్నయా బిడ్డా, ఆగెతందుకు?"

"దీంట్లో ఒక్క క్రిమి కూడా లేదండి."

తిమ్మయ్య మీసం మీద చెయ్యి వేశాడు. "మరి! సున్నం అంటే ఏమనుకున్నవ్?"

"క్రిమి లేదు, సరే. లవంగం ఉంది." సుప్రియ పట్టకారుతో పట్టుకుని చూపించింది. అచ్చంగా లవంగమే, పువ్వుతో సహా.

తిమ్మయ్య ఒక్క క్షణం తడబడ్డాడు. ఒక్క క్షణమే. "మేం గడ్డోళ్లం బిడ్డా. లవంగాలు శానా తింటం."

"నమలకుండా మింగుతారాండీ?"

లోకేశ్ నవ్వు ఆపుకోలేక గది బయటికి పరుగెత్తాడు. సుప్రియ మాత్రం నవ్వలేదు. ఇంకో పళ్లెం తీసి ఆయన ముందు పెట్టింది. నీలిచుక్కల మీద నీలిచుక్కలు, తట్టు పోసినట్టుగా ఉంది. "అదే తొట్టి. నేనూ నిన్న ఒక సీసా ముంచాను, కర్రకు కట్టి అడుగునుంచి. మీ సీసా నమ్మేసి తొట్టి వదిలేశామనుకోండి, మడ్డి మడుల్లోకి పోద్ది. మడుల ఊట ఎటు పోద్ది?"

"మిల్లు ఎనక కాలువలకు."

"ఆ కాలువలో ఇప్పుడెవరున్నారో చూడండి."

తిమ్మయ్య కిటికీలోంచి చూశాడు. కాలువలో మెడదాకా దిగి, కళ్లు మూసుకుని, మద్దమ్మ బర్రె నెమరేస్తోంది. మధ్య మధ్య మూతి ముంచి ఆ నీళ్లే తాగుతోంది.

ఆయన జన్మలో ఆడిన అబద్ధాలను వడ్లలా పోస్తే గాదె నిండుతుంది. కానీ వాటివల్ల ఎవరికీ కోడిపిల్లంత నష్టం కూడా జరగలేదు. జనం విన్నారు, నవ్వారు, ఇళ్లకు పోయారు. నిన్నటి అబద్ధం అలాంటిది కాదు. అది వినేవాళ్లు లేకుండా ఆడింది. తిమ్మయ్య బెంచీ మీద కూర్చుని తలగుడ్డ విప్పి ఒళ్లో పెట్టుకున్నాడు.

"తప్పయింది బిడ్డా. ఆ ముసల్ది బర్రెను ఇడిసి ఉండలేదు. అందుకనే."

"రిపోర్టు బాగుండాలని నాకూ ఉందండి. కానీ బాగుపడాల్సింది తొట్టి, సీసా కాదు కదా." సుప్రియ తన పనిలో పడింది. వరసగా పెట్టిన గాజు గొట్టాల్లోకి నీళ్లు మారుస్తోంది.

సిగ్గుపడి ఊరికే కూర్చోవడం తిమ్మయ్యకు చేతకాదు. సిగ్గేసినప్పుడల్లా ఆయనకు కథ వస్తుంది, కొందరికి ఎక్కిళ్లు వచ్చినట్టు.

"నిజాం జమానల మా తాత రాయచూరు కోటగోడకు సున్నం కలిపిండు. ఆ సున్నపు గుంట ఎంత లోతంటే, పొద్దున అందుల ఒక కూత ఏస్తే మాపటికి మారుకూత వస్తుండె. అడుగున సున్నం కలిసిందా లేదా ఎవడు దిగి చూడాలె? మా తాత ఏం జేసె? నలభై మూరల తలపాగా పసుపుల ముంచి, కొసకు రాయి గట్టి, గుంటలకు ఇడిసిండు. ఇడిసిండు, ఇడిసిండు, మూడు దినాలు ఇడుస్తనే ఉండె. పైకి గుంజి చూస్తే సగం ఎరుపు, సగం పసుపు. నవాబు ఆ తలపాగా చూసి..."

"ఆగండాగండి." సుప్రియ చేతిలో గొట్టం పట్టుకునే ఇటు తిరిగింది. "ఇదేం చేస్తున్నానో తెలుసాండీ? మడ్డి ఒక వంతు, మంచినీళ్లు తొమ్మిది వంతులు. పదింతలు పలచనైంది. దీంట్లోంచి ఒక వంతు తీసి మళ్లీ తొమ్మిది వంతుల నీళ్లలో. అలా పలచన చేసుకుంటూ పోతే ఎక్కడో ఒకచోట చుక్కలు లెక్కకు దొరుకుతాయి. మీ కథ కూడా పలచన చేద్దాం. నలభై మూరల తలపాగా పదింతలు తగ్గిస్తే?"

తిమ్మయ్య లెక్కేసుకున్నాడు. "నాలుగు మూరలు. హౌదు, గంతే ఉండె."

"మూడు రోజులు?"

"ఒక గడియ."

"నవాబు?"

"నవాబు లేడు బిడ్డా. మేస్త్రీ ఉండె."

"పసుపు? ఎరుపు?"

"అవి పలచన కావు. అవి నిజమే. పసుపుకు సున్నం తగిల్తే ఎర్రగయితది. పారాణి గట్లనే గద కలిపేది? ఏ ఆడిదాన్ని అడిగినా చెప్తది. సున్నం ఎంత దూరం దిగితే గుడ్డ అంత దూరం..."

ఆయన అక్కడే ఆగిపోయాడు. సుప్రియ చేతిలో గొట్టం కూడా ఆగిపోయింది.

"లోకేశ్ గారూ!" అని కేకేసింది. "మీరు కాగితం ఎక్కడ ముంచుతున్నారు?"

"ఎక్కడంటే? పైన. ఇట్ల," అన్నాడతను గుమ్మంలోంచి, రెండు వేళ్లతో కోడి ఈకను పట్టుకున్నట్టు చూపిస్తూ.

"నేను అడుగున ముంచుతున్నా," అంది సుప్రియ.

ఇక మిగిలింది గుడ్డ, పసుపు. గుడ్డకు సేవా సంస్థ పంచిన తెల్ల దుప్పటి అంచు దొరికింది. పసుపు పొట్లం కోసం తిమ్మయ్య మద్దమ్మ దగ్గరికి పోయాడు.

"ఎందుకు?"

"దొడ్డి తొట్లె ముంచెతందుకు."

మద్దమ్మ ఆయన మొహంలోకి చూసింది. "ఈపారి అబద్ధమైనా జర మంచిది చెప్పరాదా!" అంది. పొట్లం మాత్రం ఇచ్చింది, కొంగు దులుపుకుని వెనకే వచ్చింది కూడా.

తడి పసుపులో ముంచిన గుడ్డను పొడవాటి వెదురుకు పైనుంచి కింది దాకా చుట్టి, తొట్లో నిట్టనిలువుగా దింపారు. వంద అంకెలు లెక్కపెట్టి పైకి తీశారు. లోకేశ్ చెంబుతో మెల్లగా నీళ్లు పోశాడు. మడ్డి జారిపోయింది. పైన మూరెడు మేర గుడ్డ పెళ్లికూతురి పాదంలా ఎర్రగా ఉంది. దాని కింద, అడుగు దాకా, మూడున్నర అడుగులు పచ్చి పసుపు.

నలుగురూ గుడ్డ మీదికి వంగారు. తిమ్మయ్యకే ముందు తెలిసింది. బట్టీలో సున్నం కలిపేటప్పుడు రెండు చేతులా పార పట్టి, నడుం వంచి, అడుగు నుంచి తిరగేసేవాళ్లు. ఇక్కడ? మూడు వారాలుగా ఆయన ఒక చేత్తో ముక్కు మూసుకుని, మొహం అటు తిప్పి, రెండో చేత్తో కర్ర ఆడించాడు. లోకేశ్ చేసినా అంతే, ఇంకెవరు చేసినా అంతే. ఒంటిచేత్తో ఎవరి బలమైనా ఎంత లోతు పోతుంది? సున్నప్పాలు పాల మీద మీగడలా పైనే కూర్చున్నాయి. లోకేశ్ కాగితం ఆ మీగడకు తగిలి నీలమైంది. సుప్రియ సీసా కింది మడ్డికి తగిలి నిజం చెప్పింది.

"నా సున్నం మంచిదే," అన్నాడు తిమ్మయ్య నెమ్మదిగా. "నా చెయ్యే మంచిది కాదు."

"ఒక్క మాటండీ," అంది సుప్రియ. "గుడ్డంతా ఎర్రబడినంత మాత్రాన పని అయిపోయినట్టు కాదు. కాస్త ఘాటుకే పసుపు ఎర్రబడిపోద్ది, మనకు పన్నెండు కావాలి. అది కాగితమే చెప్పాలి. కానీ పసుపు పసుపుగానే ఉన్నచోట సున్నం చేరనే లేదు. ఆ సంగతి మాత్రం మీ తాతగారి తలపాగా చెప్పింది."

ఇప్పుడు అడుగు దాకా కలపడం ఎలా అన్నది ప్రశ్న. లోకేశ్ మోటారు తెప్పిద్దామన్నాడు; అది రావడానికి పది రోజులు. మద్దమ్మ అంతసేపూ తొట్టి వైపు చూస్తూ ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుని నిలబడింది.

"చల్ల చిలికేటప్పుడు పైపైన గెలికితే వెన్న వస్తదా?" అంది. "కవ్వం చేస్కోరాదుండ్రి."

శనివారం పొద్దున కవ్వం తయారైంది. నిలువెత్తు వెదురు, అడుగున అడ్డంగా నాలుగు చెక్కలు, తొట్టి మూతి మీద పలక, పలకలో బెజ్జం, వెదురుకు చుట్టిన తాడు. తాడు ఒక కొస లోకేశ్ చేతిలో, రెండో కొస తిమ్మయ్య చేతిలో. చేతులకు తొడుగులు, ముక్కులకు గుడ్డలు. ఇతను లాగితే అతను వదలాలి, అతను లాగితే ఇతను వదలాలి. ముక్కు పట్టుకుందామంటే చెయ్యి ఖాళీ లేదు. మద్దమ్మ కవ్వం చేసుకోమంది అందుకేనేమో మరి, ఆమెను ఎవరూ అడగలేదు.

"జోరుగ, తాతా! వెన్న పడుతున్నది!" అని అరిచాడు లోకేశ్.

"నీకే పెడత, తిను!" అన్నాడు తిమ్మయ్య రొప్పుతూ.

"వారం దినాలు ఈ క్యాంపుల చల్ల ఎవడు తాగుతడో చూస్త," అంది మద్దమ్మ.

నాలుగు తొట్లూ అయ్యేసరికి మధ్యాహ్నం దాటింది. పసుపు గుడ్డ కొత్తది చుట్టి దింపారు. పైనుంచి అడుగు దాకా ఎరుపు. అప్పుడు లోకేశ్ కాగితాన్ని కర్రకు కట్టి పైన ఒకసారి, నడుమ ఒకసారి, అడుగున ఒకసారి ముంచాడు. మూడుసార్లూ ముదురు నీలం. ఆదివారం పొద్దున సుప్రియే నాలుగు తొట్ల అడుగునుంచీ నాలుగు సీసాలు నింపుకుంది. తిమ్మయ్య ఆ దరిదాపులకు కూడా పోలేదు. వక్కాకు సంచి కూడా మద్దమ్మకు అప్పగించి, రెండు చేతులూ వెనక్కి కట్టుకుని దూరంగా నిలబడ్డాడు.

సోమవారం తొమ్మిదింటికి ఆరోగ్యాధికారి బండి వచ్చింది. కాటా గదిలో సుప్రియ పెట్టె తెరిచింది. మూడు పళ్లేలు ఒకదాని తరవాత ఒకటి తీసింది. ఒకదాంట్లో రెండు చుక్కలు. ఒకదాంట్లో ఏమీ లేదు. ఇంకోదాంట్లో మూడు. నాలుగోది వెలుతురుకు పట్టి పెన్నుతో గుర్తుపెడుతూ లెక్కపెట్టడం మొదలుపెట్టింది. గుమ్మం బయట తిమ్మయ్య ఆమె పెదాలను చూస్తున్నాడు. నాలుగు. ఐదు. ఆరు. పక్కన మద్దమ్మ ఆయన మోచెయ్యి పట్టుకుంది. ఏడు. సుప్రియ పళ్లెం ఇటు తిప్పి, అటు తిప్పి, ఇంకో మూల చూసి, కింద పెట్టింది.

"ఏడు. నూరింతలు పలచన చేశాం కాబట్టి నూటితో హెచ్చిస్తే ఏడువందలు. వెయ్యి దాటకూడదు. దాటలేదండి."

అధికారి పళ్లెం స్వయంగా చూశాడు. కాగితం మీద సంతకం పెట్టాడు. గోడకు ఆనించిన కవ్వాన్ని కింది నుంచి మీది దాకా చూశాడు గానీ అదేమిటని అడగలేదు. "ఆయితు, ఇల్లే ఇర్రి," అన్నాడు. సరే, ఇక్కడే ఉండండి అని. పోతూ పోతూ లోకేశ్‌తో, వారానికొకసారి కాదు, వారానికి రెండుసార్లు పరీక్ష చేయించమన్నాడు.

మద్దమ్మ మొగుడితో ఏమీ అనలేదు. ఇది మూడోసారి. కానీ ఈసారి ఆయన వక్కాకు సంచి తిరిగి ఇచ్చి, డబ్బీలో సున్నం తానే నింపి ఇచ్చింది.

సాయంత్రం రేకుల కింద లంక జనమంతా తిమ్మయ్య చుట్టూ చేరారు. ఏం జరిగిందో చెప్పమన్నారు. ఆయన రిపోర్టు కాగితం నకలును మోకాలి మీద పరిచి, గొంతు సవరించుకున్నాడు.

"తొట్టి ఐదడుగుల లోతు. గుడ్డ మూరెడు ఎర్రగయింది. కవ్వంతోని కలిపినం. పురుగు సచ్చింది. గంతే," అన్నాడు.

వెనకనుంచి ఎవరో, "గంతేనా?" అన్నారు. ముందు వరసలో కూర్చున్న ముసలాయన లేచి దుమ్ము దులుపుకోబోయాడు.

"ఏమయ్యా, పానం బాగలేదా?" అంది మద్దమ్మ, నిజంగానే కంగారుపడి.

తిమ్మయ్య కాటా గది వైపు చూశాడు. సుప్రియ గుమ్మంలో నిలబడి టీ తాగుతోంది. ఆయన చూపు అర్థం చేసుకుని ఒక వేలు ఎత్తింది.

"ఒక్కసారేనండి తాతగారూ! పదింతలే. దాటితే లెక్క తప్పుద్ది!"

తిమ్మయ్య కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో భద్రం చేసుకున్నాడు. తలగుడ్డ సరిచేసుకున్నాడు. లేచిన ముసలాయన మళ్లీ కూర్చున్నాడు.

"అసలు సంగతి ఇనుండ్రి," అన్నాడు. "ఆ తొట్టి లోతు యాభై అడుగులు. ఇగ కవ్వం తాడు గుంజింది ఎవరనుకుంటుండ్రు? మనుషులా? మనుషులతోని అయితదా అది?"

గోడ పక్కన గడ్డి నములుతున్న మద్దమ్మ బర్రె, తన సంగతి వస్తోందని తెలిసినట్టు, ఇటు చెవి తిప్పింది.